బయోడేటాలో ఐదేళ్ళ ఖాళీ

ఇది గోడ. గోడకి ఫ్యాను ఉంది. ఫ్యాను తిరుగుతా ఉంది. గాలి వస్తా ఉంది, అక్క కాగితాలు ఎగరతా ఉన్నాయి, అదిగో, అక్క కాగితాల మీద చెయ్యి పెట్టింది... చాలించరా నాయనా అని తనని తానే కసురుకున్నాడు ఆనందకుమారు. పక్కన బిడ్డ లేదు, బిడ్డ ఉదయగిరిలో ఉంది. ఇక్కడ ఆత్మకూరులో, ఎరువుల హోల్‌సేల్ అంగడి పైన మిద్దె మీద, యజమాని గోపాలయ్య గది బయట బల్ల మీద తనొక్కడే ఉన్నాడు, అకౌంటెంటు ఉద్యోగం కోసం వచ్చి. అయినా లోపలి గొంతు ఊరుకోదు. ఐదేళ్ళుగా కనపడినదానికల్లా పేరు పెట్టి పలికిన గొంతు, బ్రేకులు లేని బండిలాగా పోతూనే ఉంటుంది. కింద గోడౌనులో లారీకి బస్తాలు ఎత్తుతున్నారు, యూరియా వాసన మెట్లెక్కి వస్తోంది. ఎదురుగా కంప్యూటరు దగ్గరున్న అమ్మాయి, రాధిక అని ఎవరో పిలిచారు, తన బయోడేటా లోపల ఇచ్చి వచ్చినప్పట్నుంచీ తల ఎత్తలేదు. ఎందుకెత్తలేదు? ఇచ్చేముందు తలుపు దగ్గర ఆగి చదివింది, అది తను చూశాడు. ఎక్కడ ఆగిందో కూడా తెలుసు. ఆ ఒక్క లైను దగ్గరే ఆగి ఉంటుంది. తర్వాత కాఫీ తెప్పించింది. ఉద్యోగం ఇవ్వదలుచుకున్నవాడికి కాఫీ ఇస్తారా, వద్దనుకున్నవాడికి ఇస్తారా? మర్యాదగా సాగనంపడానికే కాఫీలు పుట్టాయి. సగం తాగి గ్లాసు బల్ల కింద పెట్టేశాడు.

తలుపుకున్న అద్దంలోంచి గోపాలయ్య బట్టతల, చెవికి ఆనించుకున్న ఫోను కనిపిస్తున్నాయి. నవ్వుతున్నాడు. ఎవరితో? శెట్లు ఎవరూ కాగితం చూసి ఉద్యోగం ఇవ్వరు. తనూ ఆ కులంవాడే, ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. కాగితం అనేది ఆడిటరు కోసం, మనిషి కోసం వాకబు. సంబంధం చూసినట్టే చూస్తారు: వాళ్ళ పెదనాన్న ఎవరు, ఎవరి అంగట్లో చేశాడు, ఎందుకు మానేశాడు, చేతివాటం ఉందా. దుత్తలూరులో ఒకరిని, కలువాయిలో ఒకరిని అడిగి, అప్పుడు పిలుస్తారు. మరి తన మీద వాకబు ఎవరు చేశారు? చెంచయ్యే అయి ఉండాలి. ఈ అంగడి తరఫున ఆర్డర్లు రాసుకోవడానికి ఉదయగిరి వచ్చే మనిషి. పోయిన వారం తన అన్న అంగడి ముందు సోడా తాగుతూ, ఎన్నడూ లేనిది, ఏమయ్యా ఆనందూ బాగుండావా అంటూ దగ్గరికి వచ్చాడు. మరీ దగ్గరికి వచ్చాడు. ముఖంలో ముఖం పెట్టి మాట్లాడాడు, ముక్కు ఎగబీల్చాడు, ఇంకోమాట లేకుండా వెళ్ళిపోయాడు. జలుబు అనుకున్నాడు అప్పుడు. జలుబు ఉన్నవాడు ముక్కు చీదుతాడు గాని అట్లా ఎగబీలుస్తాడా? ఇంటికి వచ్చిన ఆడపెళ్ళివారు పప్పులో నెయ్యి వాసన చూసినట్టు చూశాడే! గోపాలయ్య మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వు తన గురించే. కాకపోతే ఎరువుల వ్యాపారంలో నవ్వడానికి ఏముంది?

ఆ లైను రాయకుండా ఉండాల్సింది. రాసింది తనే, టైపు కొట్టింది నయీమ్. ఉదయగిరి బస్టాండు పక్కన నయీమ్ ఇంటర్నెట్ సెంటరు, ఊళ్ళో సగం మంది జాతకాలు ఆ కంప్యూటరులో ఉన్నాయి. నయీమ్ వేళ్ళు టకటకా పోతూ పోతూ ఆ చోట ఆగాయి. "అన్నా, ఈడ ఐదేండ్లు ఖాళీ ఉండాది. ఏం పెట్టమంటావు? కువైట్ పెడతా. మగోళ్ళకి ఏ సందొచ్చినా నేను కువైటే పెట్టేది, ఎవురూ అడగరు." వద్దు, కూతురి పెంపకం కోసం ఉద్యోగం మానుకున్నాను అని పెట్టు అన్నాడు తను. నయీమ్ వెనక్కి తిరిగి చూశాడు. "ఆడోళ్ళకి పెడతారన్నా అది." అని ఊరుకున్నా బాగుండేది. నీ ఇష్టం లే అన్నాడు, పెదవి చివర చిన్న నవ్వు దాచుకుని. నీ ఇష్టం అంటే ఏమిటి? కూతురిని పెంచడం మగవాడి సరదా అనా, లేక అసలు సంగతి మాకు తెలియదా అనా? ఆ అసలు సంగతి ఏమిటో తనకి తెలిస్తే కదా. ఐదేళ్ళుగా ఊరు తన వెనక ఏదో అనుకుంటోంది. తను పోతుంటే మాటలు ఆగుతాయి, దాటిపోయాక మొదలవుతాయి. పెళ్ళాం జీతం తింటున్నాడంటారు, అంతే కదా. అనుకోనీ. శిల్ప ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, పర్మనెంటు. తనది నెల్లూరులో ప్రైవేటు కంపెనీ లెక్కలు. ఇద్దరిలో ఎవరో ఒకరు ఇంట్లో కూర్చోవాలంటే ఎవరు కూర్చోవాలో తేల్చడానికి పంచాయతీ పెట్టాలా?

లాస్య పుట్టుచెవిటి. ఆ మాట ఇంట్లో ఎవరూ అనరు, కానీ మనసులో అనుకోవడానికి అడ్డేముంది. పళ్ళెం కింద పడినా, పక్కింట్లో పెళ్ళి బాజా మోగినా కనురెప్ప కదిలేది కాదు. పుర్రెలో మిషను పెట్టి కుట్టారు, చెవి వెనక ఇంకో మిషను తగిలించారు. ఇంక వినపడుతుందిలే అనుకుని సంబరంగా ఇంటికి తెచ్చుకుంటే, బిడ్డ బెదిరి మిషను పీకి పారేసింది. అప్పుడు చెప్పింది లిదియమ్మ, నెల్లూరులో మాట నేర్పించే మేడమ్. మిషను శబ్దం ఇస్తుంది నాన్నా, మాట ఇవ్వదు. మాట మీరే ఇవ్వాలి. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మాట్లాడండి, ఏది చేస్తే అది చెప్పండి. ఉల్లిపాయ కోస్తున్నాను, కళ్ళు మండుతున్నాయి, ముక్కు కారుతోంది. ఇంకొకటి, మీ నోరు బిడ్డకి కనపడనీయకండి, చెయ్యి అడ్డం పెట్టుకోండి. పెదాలు చూసి ఊహించడం అలవాటైతే చెవి సోమరి అవుతుంది. ఎవరికి చెప్పింది ఈ మాట? నోట్లో నాలుక లేని ఆనందకుమారుకి. ఎనిమిదేళ్ళు ఒక కుర్చీలో అంకెల ముందు కూర్చుని, సరే సార్ అన్నమాట తప్ప ఇంకోమాట ఎరగనివాడికి. మాట్లాడితే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా అని శిల్ప పెళ్ళయిన కొత్తలో ఏడ్చింది కూడా. అట్లాంటివాడు ఉద్యోగం మానేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కాకికి, కుక్కకి, కుళాయికి, కొండ మీద కోటకి, కోట మీద మబ్బుకి పేరు పెట్టడం మొదలుపెట్టాడు. రోజూ పొద్దున బిడ్డ వెనక నిలబడి ఆ, ఊ, ఈ, శ్, స్, మ్ అనేవాడు. వినపడిన ప్రతిసారీ లాస్య ఒక చెక్క స్పూను గిన్నెలో వెయ్యాలి. ఊళ్ళో చెక్క స్పూన్లు చెక్కే దిల్షాద్ బేగం గిన్నెడు స్పూన్లు ఊరికే ఇచ్చింది, కొంచెం వంకరపోయినవి. శ్ కి చాలా కాలం స్పూను పడలేదు. పడిన రోజు తను వంటింట్లోకి పోయి ఏడ్చాడు. ఇదంతా ఆ ఒక్క లైనులో ఎట్లా పడుతుంది? పట్టదు. పట్టకపోగా దొంగమాటలాగా కనిపిస్తుంది.

నిజమే మరి, తనకే దొంగమాటలాగా ఉంటే గోపాలయ్యకి ఉండదా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం తను. బిడ్డ కోసమేనా మానేసింది? ఆ మార్చిలో లెక్క తేలక ఆఫీసులో మేనేజరు అందరి ముందూ తిట్టిన మాట గుర్తులేదూ? బిడ్డ సాకు దొరికింది, చంకన వేసుకుని వచ్చేశావు, అని ఏ రాత్రి బస్సు హారనో అన్నట్టు అనిపిస్తుంది ఒక్కోసారి. కాదు. ఔను. రెండూ ఉన్నాయేమో. ఎవరైనా ఒక్క కారణంతోనే పని చేస్తారా లోకంలో? ఇప్పుడు లాస్య ఒకటో తరగతి. బడిలో టీచరమ్మ మాట అందుకుంటోంది, ఇంటికి వచ్చి తననే ప్రశ్నలు వేస్తోంది. మగవాడు ఖాళీ ఇంట్లో కుళాయితో మాట్లాడుకుంటూ కూర్చోలేడు. ఈ ఉద్యోగం రాకపోతే ఇంకెక్కడా రాదు. ఖాళీ ఐదు నుంచి ఆరు అవుతుంది, ఆరు నుంచి ఏడు, తర్వాత దాన్ని ఖాళీ అనరు, దానికి ఇంకేదో పేరు పెడతారు. అందుకే కాబోలు అన్న హరిప్రసాద్ నిన్న సాయంత్రం పిలిచి మరీ ఆ ఉత్తరం చేతిలో పెట్టాడు. అంగడి లెటర్‌హెడ్డు మీద, స్టాంపు వేసి, మా తమ్ముడు ఐదేళ్ళు మా దగ్గర లెక్కలు రాశాడు, నడవడి మంచిది అని. అదిప్పుడు చొక్కా జేబులో, మడతల్లో ఉంది. అన్న అంత తేలిగ్గా ఎవరికీ ఏదీ ఇవ్వడు, బెల్లంముక్క అడిగినా కాటాలో పెడతాడు. మరి అడగకుండా ఇచ్చాడేం? నడవడి మంచిది అని ఎందుకు రాశాడు? అసలు ఆ మాట ఎవరడిగారు? శిల్ప కూడా అంతే. నైట్ డ్యూటీకి పోతూ పోతూ చొక్కా ఇస్త్రీ చేసి, అదే జేబులో నాలుగు యాలక్కాయలు వేసింది. నోట్లో వేసుకో, అంది. ఎందుకు అంటే, ఊరికే, అంది. ఊరికే అన్నమాట వెనక ఊరు ఉంటుంది. బస్సు దిగంగానే రెండు వేసుకున్నాడు, ఇప్పుడు ఇంకొకటి.

"సార్ రమ్మంటా ఉండారు" అంది రాధిక, ఇప్పుడు కూడా చూడకుండా.

గోపాలయ్య కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని బయోడేటా దూరంగా పట్టుకుని చదువుతున్నాడు. మంచి మనిషిలాగానే ఉన్నాడు, అందుకే ఇంకా భయం. "రా అబ్బయ్యా, కూర్చో. నెల్లూరులో ఎనిమిదేండ్లు చేసినావు. ట్యాలీ వచ్చు, జీఎస్టీ వచ్చు. అంతా బాగుండాది. మరి ఈ ఐదేండ్లేంది? ఈడేందో ఇంగ్లీషులో రాసినావు."

"మా పాపని చూసుకున్నాను సార్."

అన్నాడు గాని, అంటున్నప్పుడు తన కుడిచెయ్యి తనకి చెప్పకుండా లేచి నోటికి అడ్డం వచ్చింది. ముఖ్యమైన మాట చెప్పాలంటే అది లేస్తుంది, ఐదేళ్ళ అలవాటు. గోపాలయ్య కాగితం కింద పెట్టాడు. కుర్చీ ముందుకు జరిపాడు. ముక్కు ఎగబీల్చాడు, అచ్చం చెంచయ్యలాగా.

"చెయ్యి తియ్యి."

"సార్?"

"చెయ్యి తీసి ఒకసారి ఊదు అబ్బయ్యా."

ఊదాడు. ఎందుకు ఊదాడో తెలియదు, పెద్దవాళ్ళు చెప్తే చేసే మనిషి కనక ఊదాడు. యాలక్కాయ వాసన గదంతా నిండింది. "ఇదిగో!" అన్నాడు గోపాలయ్య, దొంగ దొరికినట్టు. "తాగినోళ్ళంతా నమిలేది ఇదే గదా! మా చెంచయ్య చెప్తే నేను నమ్మలా. తెల్లారకముందే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని, గాలితో మాట్లాడుకుంటా పోతాడంట, ఊరంతా చూసినారంట. బంగారం లాంటి ఉద్యోగం అందుకే పాయెనంట. మన పిల్లోడే, మంచి కుటుంబం, పిలిచి చూద్దాంలే అనుకున్నా."

తాగుడు! ఆనందకుమారుకి ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గుమాలిన నవ్వొకటి గొంతుదాకా వచ్చి ఆగింది. ఐదేళ్ళు వీళ్ళు తనని పెళ్ళాంచాటు మొగుడనుకుంటున్నారని కుమిలిపోయాడు. వాళ్ళు అనుకున్నది అది కాదు. వాకిట్లో దగ్గరికి వచ్చి ఆగే మనుషులు, కిళ్ళీ బంకు దగ్గర వేలు చూపించే మనుషులు, అందరూ ఇప్పుడు ఒక్కసారిగా అర్థమయ్యారు. బిడ్డకి కాకిని చూపించి కాకి అంటుంటే, నడుము కింద ఉండే బిడ్డని ఎవరూ చూడలేదు, గోడ అవతల నుంచి ఊగే తల, నోటి మీద చెయ్యి, ఇవే చూశారు. అన్నకి తెలుసు. అందుకే నడవడి మంచిది అని రాశాడు. తమ్ముడా ఊళ్ళో ఇట్లా అనుకుంటున్నారు అని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు, ఎందుకు రాలేదు? అన్న కూడా నమ్మాడు గనక. మరి శిల్ప? ఈ యాలక్కాయలు బస్సులో వాంతికని వేసిందా, దీనికని వేసిందా? పక్కన పడుకునే మనిషికి వాసన తెలియదా? తెలుసు, ఆమెకి తెలుసు, ఆమె ఊరి నోటికి భయపడి వేసి ఉంటుంది. లేక వాంతికే వేసిందా? ఇంటికి పోయి అడగాలి. అడగకూడదు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా, ఊరిని పట్టింది, ఇప్పుడు తన ఇంట్లో కూడా కాలు పెడుతోంది.

"మీ అన్న అంగట్లో లెక్కలు రాసినానని చెప్పినా నమ్మేవాణ్ణి గదా" అంటున్నాడు గోపాలయ్య, మెత్తబడి. "బిడ్డని చూసుకున్నానంటే ఎవురు నమ్ముతారు? ఆడోళ్ళు లేరా ఇంట్లో?"

జేబులో ఉత్తరం ఉంది. తీసి బల్ల మీద పెడితే చాలు, తాగుడూ పోతుంది, ఖాళీ పోతుంది, ఉద్యోగం వస్తుంది. గోపాలయ్య ఆ మాటకే దారి చూపిస్తున్నాడు. వేళ్ళు జేబు దాకా పోయాయి కూడా. కానీ ఆ ఐదేళ్ళు అన్న అంగడికి రాసిచ్చేస్తే, లాస్యకి శ్ ఎవరు నేర్పినట్టు? వానకి వాన అని, ఉడుకుకి ఉడుకు అని, అమ్మ ఏడుస్తుంటే ఏడుపు అని ఎవరు చెప్పినట్టు? అవి గాలికి పుట్టిన మాటలు అయిపోతాయి. ఉద్యోగం కావాలి, చచ్చేంత అవసరంగా కావాలి, అయినా అది మాత్రం ఇవ్వలేడు. ఎడమచేత్తో కుడిచెయ్యి గట్టిగా ఒడిలో అదిమి పట్టుకుని చెప్పాడు. బిడ్డకి పుట్టుకతో వినపడదని, ఆపరేషనని, మాట్లాడమన్నారని, నోరు కనపడకూడదన్నారని. చెప్తుంటే తనకే ఆశ్చర్యం వేసింది, ఇంత మాట్లాడడం తనకి ఎప్పుడు వచ్చిందా అని.

గోపాలయ్య అంతా విన్నాడు. "కథ బాగా చెప్పినావు" అన్నాడు చివరికి. "మీ ఆమెకి ఫోన్ చెయ్యి. స్పీకరు పెట్టి ఇట్టియ్యి. నువ్వు మాట్లాడబాకు."

అదీ వాకబు. చేసి ఇచ్చాడు. మోగుతోంది. శిల్ప డ్యూటీ దిగి నిద్రపోతూ ఉంటుంది, లేస్తుంది, నమ్మకమైన గొంతుతో చెప్తుంది. ఎత్తారు. శిల్ప కాదు. ఆ ఊపిరి తనకి తెలుసు. రెండో శనివారం, బడి లేదు, తెర మీద నాన్న ఫొటో చూసి లాస్య ఎత్తింది. ఫోను అంటే లాస్యకి గోడ. అందులో ముఖం ఉండదు, చెయ్యి ఊపడం ఉండదు, గొంతు గీరుకుపోయి వస్తుంది. తన గొంతు ఒక్కటి అందుకుంటుంది. అమ్మమ్మ మాట్లాడినా బెదిరి ఫోను శిల్ప చేతిలో పెట్టేసి పారిపోతుంది. ఇప్పుడు ఈ పరాయి మనిషి గొంతు విని కట్ చేస్తుంది, గోపాలయ్య ఇంకో దొంగతనం పట్టుకున్నట్టు తల ఊపుతాడు. నేనమ్మా, నాన్నని, అందామని ముందుకి వంగాడు. గోపాలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"హలో! ఎవురు మాట్లాడేది?"

ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతా ఉంది. లారీ స్టార్టు అయింది. కట్ చెయ్యొద్దు తల్లీ.

"లాస్య" అంది ఫోను.

"అమ్మ లేదా?"

"అమ్మ నిద్రపోతా ఉండాది. నైట్ డ్యూటీ."

గోపాలయ్య తన వైపు చూసి మళ్ళీ ఫోను వైపు తిరిగాడు. "మీ నాయన ఏం పని చేస్తాడు పాపా?"

మళ్ళీ ఆగింది. ఆలోచిస్తోంది, మాట వెతుక్కుంటోంది; ఆ ఆలస్యం తనకి తెలుసు, దాని పొడవు తెలుసు.

"మాట్లాడతాడు" అంది లాస్య. "నాతో." కాసేపాగి, "నేను మాట్లాడితే వింటాడు" అంది.

గోపాలయ్య ఫోను బల్ల మీద పెట్టాడు. నుదుటి మీది కళ్ళజోడు కళ్ళకి దించుకుని తనని కొత్తగా చూశాడు. "ఈ మాట ముందే చెప్పిచ్చి పెట్టినావా ఏంది?"

"ఈ మాట చెప్పియ్యలేదు సార్" అన్నాడు ఆనందకుమారు. "పరాయివాళ్ళతో ఫోన్లో మాట్లాడ్డం ఇదే మొదలు. ఇట్లా మాట్లాడగలదని ఇంతవరకూ నాకే తెలీదు."

గోపాలయ్య చాలాసేపు బయోడేటా అటూ ఇటూ తిప్పాడు. "ఒకటో తేదీ నుంచి రా. నెల రోజులు చూస్తా. నమ్మినానని కాదు" అన్నాడు. సరే సార్, అన్నాడు. సంతోషపడాలని గుర్తు రాలేదు. ఫోను కట్ చెయ్యడం ఇద్దరూ మరిచిపోయారు.

"మీరు ఎవరు?" అంది ఫోను బల్ల మీద నుంచి. "మీరు నాన్న కాదు."

ఊరందరి మీదా వాకబు చేసే గోపాలయ్య తడబడ్డాడు. చెవుడు ఉన్న బిడ్డ అని అప్పుడు గుర్తొచ్చిందేమో, ఫోను మీదికి వంగి, కింద గోడౌనులో హమాలీలు తలలెత్తేటట్టు కేక పెట్టాడు. "నేను గోపాలయ్యనమ్మా! ఆత్మకూరు! గో-పా-ల-య్య!"

"అరవబాకండి" అంది లాస్య. "నాకు వినపడతా ఉండాది."

ఆనందకుమారు, ఉద్యోగం ఇచ్చిన పెద్దమనిషి ఎదురుగా ఉన్నాడని కూడా చూడకుండా, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు.